గడపచెక్క గిన్నె

పాతపట్నం,
ఏప్రిల్ మొదటి వారం.

నోరు కట్టేసుకున్న జగన్నాధం బావకి, నోరు కట్టుకోవడం చేతకాని బావమరిది గంగరాజు దణ్ణాలు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, ఫోను లేదా అని నువ్వు అడగలేవు. ఆ దారి మూసేసింది నువ్వే. రథసప్తమి నాడు లాడ్జి మెట్ల మీద నిలబడి, గుడి వైపు చెయ్యి చాపి, "సూర్నారాయణమూర్తి సాచ్చిగా సెప్తన్నాను, ఈ గంగరాజుగాడితో ఇంక నోరిప్పి మాటాడితే నా నోరు పడిపోవాల" అన్నావు. సగం అరసవల్లి విన్నాది. మాటాడనన్నావు గానీ రాయనని అనలేదు. అందుకని కవరు కొన్నాను. పోస్టాఫీసులో అమ్మాయి నన్ను మ్యూజియంలోంచి లేచొచ్చినవాణ్ణి చూసినట్టు చూసింది.

ఇంతకీ నేను చేసిందేమిటి? పండగ రద్దీలో నీ లాడ్జి ముందు ఒక అట్ట కట్టాను. "గదికి ఇద్దరు మనుషులు. నల్లులకు వేరే ఛార్జీ లేదు." అంతే కదా. జనం నవ్వారు. నవ్వినవాళ్ళే దిగారు. ఒక్క గది ఖాళీ ఉందా ఆ రోజు? పేపర్లో ప్రకటన వేయించుకుంటే ఆ మాత్రం జనం వచ్చేవారా? నువ్వు నాకు శాలువా కప్పాలి. ఒట్టు కప్పావు.

అది సరే. అసలు సంగతికొస్తాను. మా ఈశ్వరికి పెళ్ళయిన ఎన్నేళ్ళకి పుట్టిందో మన హేమ, నీకు నేను చెప్పక్కర్లేదు. అయిదో నెలలో అన్నప్రాశన అంటున్నారు. మేనమామ ఒళ్ళో కూచోబెట్టి మొదటి ముద్ద పెట్టించడం మన రెండిళ్ళలోనూ ఉన్న ఆచారం. ఈశ్వరికి తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ నా చెవిన పడిందేమిటంటే, ఆ చాప మీదకి మా పెదనాన్న కొడుకు నరసింగరావుని పిలుస్తున్నావట. కాంట్రాక్టరు. వెండి గిన్నె తెస్తాడట. వరసకి వాడూ మేనమామే, కాదనను. వరసకి చూస్తే రోడ్డు రోలరు కూడా బండే. ఎక్కి అత్తారింటికి వెళ్తామా?

నేను వెండి తేలేను. మంచం కోళ్ళు తిప్పుకునేవాణ్ణి. చెక్క గిన్నె ఒకటి తిప్పి తెస్తాను. పిల్ల మొదటి ముద్ద నా చేత్తో తినాలి. ఇది వేళాకోళం కాదు. ఇది వేళాకోళం కాదని ఇంకోసారి రాస్తున్నాను, ఎందుకంటే మొదటిసారి నువ్వు నమ్మవు.

గంగరాజు


అరసవల్లి,
ఏప్రిల్ మూడో వారం.

గంగరాజుకి,

ఉత్తరం అందింది. కవరుని ముందు బాగా విదిలించాను. తర్వాత చెయ్యి దూరంగా పెట్టి కత్తెరతో కోశాను. లోపలినుంచి ఏమీ రాలేదు. అదే నాకు అనుమానంగా ఉంది.

శాలువా సంగతి రాశావు. ఆ రోజు దిగినవాళ్ళలో ఒక పెద్దాయన వెళ్ళేటప్పుడు కౌంటరు దగ్గర ఆగి, "నల్లులన్నారు, కనిపించనేదు బాబూ" అని నిష్ఠూరంగా అడిగాడు. నేను ముప్ఫయ్యేళ్ళుగా లాడ్జి నడుపుతున్నాను. ఇలాంటి మాట పడలేదు. ఇప్పుడు ఆటోవాళ్ళు స్టాండులో "నల్లుల లాడ్జి, నల్లుల లాడ్జి" అని కేకేస్తున్నారు.

నరసింగరావు మర్యాద తెలిసిన మనిషి. చాప మీద కూచుంటే కూచున్నట్టు ఉంటాడు. నువ్వు కూచుంటే పురోహితుడి పిలకకి ఏం కడతావోనని నేను కాపలా ఉండాలి.

అయితే నీ చెల్లెలు నాతో మాటలు మానేసింది. నేను నీతో మాట్లాడను, ఆవిడ నాతో మాట్లాడదు. ఈ ఇంట్లో ప్రస్తుతం మాట్లాడుతున్నది పిల్ల ఒక్కతే. దాని మాట మాకు అర్థం కాదు. కాబట్టి నీకొక అవకాశం ఇస్తున్నాను.

లాడ్జి వెనక మా ఇంటికి గ్రానైటు గడప వేయిస్తున్నాము. పాత పనస గడప తీయించేశాను. పొయ్యిలోకి కూడా దండగన్నాడు వడ్రంగి. అందులోంచి ఒక తుండు కోయించి పాతపట్నం బస్సులో వేయిస్తున్నాను. గిన్నె చేస్తే దీంతోనే చెయ్యాలి. వేరే చెక్క తెస్తే నాకు తెలిసిపోతుంది. ఆ పసుపు మరకలు నాకు గుర్తే.

అన్నప్రాశన నాడు అందులో పాయసం పోస్తాము. తినిపించినంతసేపూ చుక్క కింద పడకూడదు. పడిందా, పది మందిలో లేచి నరసింగరావుకి చోటివ్వాలి. ఇష్టమైతే చెయ్యి. పాయసం పల్చగానే వండిస్తాను.

ఇట్లు,
జగన్నాధం


పాతపట్నం,
మే నెల, రెండో వారం.

బావా,

తుండు అందింది. దింపుతూ కండక్టరు అడిగాడు, "ఏటుంది మావా ఇందల?" అని. "మా బావ మనసు" అన్నాను. "అందుకే ఇంత బరువు, ఇన్ని సిల్లులు" అన్నాడు, గోనె చిరుగులోంచి తొంగి చూసి. నేననలేదు సుమా. ప్రభుత్వోద్యోగి అన్నాడు.

విప్పి చూశాను. ఎంత వెతికి కోయించావు బావా! ఒకవైపు తొక్కి తొక్కి సానరాయిలా అరిగిపోయింది. ఇంకోవైపు పురుగు తొలిచేసింది. మధ్యలో అడ్డంగా బీట. పైన పసుపు మీద పసుపు, అట్టలు కట్టి. శత్రువుకైనా ఇంతకంటే మంచి చెక్క పంపుతారు. మేకు ఉందని నువ్వు రాయలేదు. నా ఉలి చెప్పింది. లేత్ మిషనుకి ఎక్కించి స్విచ్చి వేసి ఉలి ఆనించానో లేదో, దీపావళి. ఉలి మూతి విరిగింది. తుండు ఊడి, రేకుకి తగిలి, దిగి, నా టీ గ్లాసు పగలగొట్టి, వాకిట్లో మా ఆవిడ పద్మకుమారి కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, "మీ బావ ఇక్కడిదాకా వచ్చి కొట్టక్కర్నేదు. గడపని పంపించి కొట్టిస్తన్నాడు" అంది.

మేకు పీకాను. అది నీ పెళ్ళినాటిది అయ్యుంటుంది, రావడానికి అంత బెట్టు చేసింది. తర్వాత రెండు రోజులు ఏమీ చెయ్యలేదు. తుండుని అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తూ కూచున్నాను. మంచం కోడైతే ఆలోచించేదేముంది, బారుగా తిప్పడమే. దీనికి అలా కాదు. మంచి చెక్క ఎక్కడ దాక్కుందో చూసుకుని, చెడ్డదంతా పొట్టయి రాలిపోయేటట్టు పెట్టుకోవాలి. పెద్ద గిన్నె మీద ఆశ వదిలేశాను. బీట మొత్తం బయటికి పోయింది. పురుగు చిల్లులు చాలావరకు పోయాయి. పైన నల్లగా ఉన్నది లోపలికి వెళ్ళేసరికి పచ్చగా, పండిన పనస తొనలా వచ్చింది. ఆ రంగు చూసి పద్మ కూడా తిట్టడం ఆపి చూసింది. కాసేపే.

ఒక్క మేకు చిల్లు మాత్రం సరిగ్గా గిన్నె అడుక్కొచ్చి కూచుంది. లక్క పోస్తే సులువే. వేడి పాయసానికి లక్క మెత్తబడి పిల్ల నోట్లోకి పోతుంది. అందుకని పొయ్యలేదు. అదే గడప ముక్కతో బిరడా చేసి దిగ్గొట్టాను. తడి తగిలితే ఉబ్బి బిగుసుకుంటుంది. ఎండితే వదులవుతుంది. కాబట్టి బావా, చెప్పేది విను, అంటే చదువు: గిన్నెకి తడిగుడ్డ చుట్టి నీడలో పెట్టు. ఎండ చూపించకు.

ఉప్పుకాయితం పట్టేటప్పుడు ఒకటి గుర్తొచ్చింది. ఈ గడప మీదే కదా మా చెల్లి బియ్యం కుంచం కాలితో తోసి మీ ఇంట్లోకొచ్చింది. వెనకనుంచి నేనే, "ఒసే, గట్టిగా తన్నీయే, బావ కాలికి తగలాల" అన్నాను. తన్నింది. తగిలింది. నువ్వు వారం రోజులు కుంటుతూ నడిచావు, మంచంకోడు తగిలిందని అందరికీ చెప్పుకున్నావు. మంచం కోళ్ళు చేసేవాణ్ణి, నా మీదకే వచ్చింది ఆ నింద కూడా.

గిన్నె రేపటి బస్సులో వస్తోంది.

గంగరాజు


అరసవల్లి,
జూన్ మొదటి వారం.

గంగరాజుకి,

గిన్నె అందింది. బాగుందని నేను రాయను.

నీ చేతి వస్తువు కాబట్టి జాగ్రత్తలు తీసుకున్నాను. ముందు వాసన చూశాను. తుమ్ము రాలేదు. తర్వాత గదులు ఊడ్చే అమ్మడికి అందులో మజ్జిగ పోసి ఇచ్చాను. సాయంత్రం దాకా గమనించాను. ఎప్పటిలాగే తిట్టింది, కొత్త లక్షణాలేమీ లేవు. ఎందుకలా చూస్తున్నానని అడిగితే చెప్పాను. "గంగరాజుబాబు సేసిన గిన్నెలో నా సేత తాగించినారా? మీకు పిల్లుంటే నాకు పిల్లల్నేరా?" అని చీపురు అక్కడే పడేసి వెళ్ళిపోయింది. రెండు రోజులు నేనే ఊడ్చాను. అదీ నీ ఖాతాలోనే.

రాత్రంతా నీళ్ళు పోసి ఉంచాను. పొద్దున్న అడుగు తడిమితే పొడిగా ఉంది. అన్ని చిల్లులున్న చెక్క, నీ చేతిలో పడి, కారలేదంటే నాకు నిద్ర పట్టలేదు. ఇందులో ఏదో ఉంది అనుకున్నాను. ఏదో ఉంది అన్నదానికి రుజువు కూడా దొరికింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి మళ్ళీ నీళ్ళు పోస్తే కారింది. అడుగునుంచి, బొట్లు బొట్లుగా.

కాబట్టి పందెం అక్కడికి తేలిపోయింది. పైగా నువ్వు గొప్పగా రాసిన ఆ పనస తొన రంగు కూడా వెలిసిపోయింది. అంచు తెల్లబడి, చెయ్యి పెడితే కరకరలాడుతోంది. పనితనం అంటే ఇదేనా?

నరసింగరావుకి కబురు పెడుతున్నాను.

ఇట్లు,
జగన్నాధం

తా.క. ఈశ్వరి ఈ ఉత్తరం చదవాలని మాటాడకుండానే చెయ్యి చాపింది. ఇవ్వలేదు.


పాతపట్నం,
జూన్, అదే వారం. నీ ఉత్తరం అందిన పూటే.

బావా,

రంగు వెలిసిందా? అంచు తెల్లబడిందా? కరకరలాడుతోందా?

నేను ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణే గానీ చెక్క విషయంలో కాదు. నీడలో తడిగుడ్డ చుట్టిన గిన్నెకి రంగు వెలవడం ఈ జిల్లాలో ఇంతవరకు జరగలేదు. నువ్వేం చేశావో నేను చెబుతాను, తప్పైతే కొట్టెయ్యి. నీళ్ళు కారకపోయేసరికి, లోపల మైనం పూసి నిన్ను మోసం చేశాననుకున్నావు. మైనమైతే ఎండకి కరుగుతుంది కదా అని మేడెక్కించి, అప్పడాల పక్కన పెట్టావు. ఒక రోజు కాదు. మే నెల ఎండ, సిమెంటు మేడ. నా బిరడా ఎండి, చిక్కి, "నీకూ నాకూ సెల్లు" అని గిన్నెతో తెగతెంపులు చేసుకుంది. ఆ అలవాటు దానికి మీ ఇంట్లోనే వచ్చింది.

సూర్యనారాయణమూర్తి సాక్షిగా నాతో మాటలు కట్టేశావు. ఇప్పుడు ఆయన చేతే నా గిన్నె పీక కూడా నొక్కించావు. ఆయనకి ఊరంతా మొక్కులు, నీ ఇంటికి కూలిపని.

బావా, పుట్టి బుద్ధెరిగాక నేను నిజంగా చేసిన పని ఇదొక్కటే. అందులో తుమ్ముపొడి లేదు, మైనం లేదు, తేలు లేదు. ఎవరూ నమ్మడం లేదు. మొన్న పద్మ కూడా అడిగింది, "నిజం సెప్పండి, అందలో ఏటి పెట్టినారు?" అని. ఏమీ పెట్టలేదంటే ఇంకా భయపడింది.

ముందురోజు రాత్రి గిన్నెని నీళ్ళ బకెట్లో ముంచి ఉంచు. బిరడా మళ్ళీ ఉబ్బుతుంది. పూర్తిగా పట్టుకుంటుందో లేదో నేను చెప్పలేను, ఒకసారి ఎండ తిన్న చెక్క మనుషుల లాంటిది. అయినా ఆ గిన్నెతోనే కూచుంటాను. నువ్వు పిలిచినా వస్తాను, పిలవకపోయినా వస్తాను. కారితే లేచిపోతాను. కానీ కారకముందే లేవమంటే మాత్రం, నీ కొత్త గ్రానైటు గడప మీద రాయడానికి నాకొక మంచి బోర్డు తోస్తోంది.

గంగరాజు


అరసవల్లి,
జూన్ మూడో వారం.

గంగరాజుకి,

ఎండ సంగతి నాకు తెలీదు. మేడ మీద గాలికి చాలా వస్తువులు పెడుతూ ఉంటాము. అన్నిటికీ నేను లెక్క చెప్పలేను.

నానబెట్టను. పందెం పందెమే.

ముహూర్తం వచ్చే ఆదివారం పొద్దున్న. నువ్వు ఎలాగూ ఆగవు కాబట్టి రాస్తున్నాను. ప్యాంటు వేసుకుని రాకు. పట్టుపంచె కూడా వద్దు, జారుతుంది. మందపాటి పొందూరు పంచె ఉంటే కట్టుకుని రా, లేకపోతే కొనుక్కో. నాలుగు మడతలు వేసుకుని కూచో. పెద్దలు వస్తారు, చూడ్డానికి నిండుగా ఉంటుంది.

ఇంకొకటి. కింద పడకూడదు అన్నాను. కింద అంటే చాప. ముందే స్పష్టంగా రాస్తున్నాను, ఆ రోజు అడ్డదిడ్డంగా వాదించకు.

ఇట్లు,
జగన్నాధం


అరసవల్లి, మా ఇంటి హాలు.
ఆదివారం, నీకు ఎదుటి చాప.

గంగరాజుకి,

మాట్లాడకూడదు కాబట్టి పంచాంగం అట్ట చింపి రాస్తున్నాను. ఈశ్వరి చేతికిచ్చి పంపిస్తున్నాను.

నీ ఎడం తొడ మీద తడి కనిపిస్తోంది. నాకే కాదు, నరసింగరావుకి కూడా కనిపిస్తోంది. వెండి గిన్నె పట్టుకుని సగం లేచాడు. అది పాయసమా, పిల్లా? వెంటనే తెలియజేయవలెను.

జగన్నాధం


అదే హాలు,
అదే అట్ట, వెనకవైపు.

బావా,

కుడిచేతికి పాయసం, ఎడంచేత్తో రాత. పెన్ను నరసింగరావు జేబులోది.

ఆడపిల్ల. ఇంతమంది పెద్దల ముందు మేనకోడలి పరువు తియ్యమంటావా? నరసింగరావుని కూచోమను.

గంగరాజు


పాతపట్నం,
జూలై మొదటి వారం.

నోరు జారిన జగన్నాధం బావకి,

క్షేమంగా చేరాము. బస్సులో నేను నిలబడే వచ్చాను. కూచోవడం కుదరలేదు.

పాయసం పొయ్యి మీంచి దింపి, నైవేద్యం పెట్టి, నేరుగా తెచ్చి పోశారు. పిల్లకి వేలి కొసతో తీసి, ఊది ఊది, చల్లార్చి నాకించాను. గిన్నె ఆనించుకున్న నా తొడకి ఎవరూ ఊదలేదు. ఇప్పుడు అక్కడ తమలపాకంత మేర కమిలి ఉంది. పద్మ కొబ్బరినూనె రాస్తూ, "పిల్ల పోసిందన్నారు కదా?" అంది. పిల్లలు అంత వేడిగా పొయ్యరు బావా.

చాప మీద మాత్రం చుక్క పడలేదు. నువ్వే వంగి చూశావు. నరసింగరావు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు. పొందూరు నేత గొప్పది. నాలుగు మడతల్లోకి ఎంత పోసినా తాగింది. నాకెందుకో ఆ పంచె సలహా ఇచ్చినవాడికి ముందే అంతా తెలుసుననిపిస్తోంది. సలహా ఇచ్చింది ఎవరో నాకు గుర్తు రావడం లేదు. పెద్దవాణ్ణయిపోతున్నాను.

పుస్తకం పెట్టారు, బంగారం పెట్టారు, నువ్వు లాడ్జి తాళాలగుత్తి కూడా పెట్టావు. పిల్ల ఏం చేసింది? వంగి నా గిన్నె అంచు పట్టుకుంది. పళ్ళు లేని చిగుళ్ళతో కొరికింది. నరసింగరావు ముఖం ఆ వెండి గిన్నెలో కనిపించింది, తలకిందులుగా.

ఇప్పుడు అసలు మాట. నేను కదలకుండా కూచున్నాను కదా. మేళగాళ్ళు ఒక పాట ఆపి ఇంకో పాట ఎత్తుకునే సందులో, నువ్వు ఎదురుగా కూచుని నా ముఖం చూసి, "ఒరే, కాల్తన్నాదేట్రా?" అన్నావు. నోరిప్పి అన్నావు. నేను విన్నాను. ఈశ్వరి విన్నాది. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. సూర్యనారాయణమూర్తి కిటికీలోంచి సరిగ్గా నీ నెత్తి మీదే ఉన్నాడు.

ఒట్టు తీరిందని ఒప్పుకో. ఫోను చేస్తాను.

గంగరాజు


అరసవల్లి,
జూలై రెండో వారం.

గంగరాజుకి,

నేను నీతో మాట్లాడలేదు. పిల్లని అడిగాను.

మాట్లాడితే నా నోరు పడిపోవాలని కదా ఒట్టు. నా నోరు బాగానే ఉంది. ఈ పూట కూడా రెండు పెసరట్లు తిన్నాను. కాబట్టి మాట్లాడలేదన్నమాట. ఆయన లెక్క తప్పు అనడానికి నువ్వెవరు?

ముందు రోజు రాత్రి గిన్నెని బకెట్లో ఎవరు ముంచారో నాకు తెలీదు. ఈశ్వరిని అడిగితే తనకీ తెలీదంది. అమ్మడు నా తడిసిన చొక్కా చేతులకేసి చూసి ఏదో అనబోయింది. పని చూసుకోమన్నాను. నానినా కారింది కదా. నీ పనితనం సంగతి అక్కడే తెలుస్తోంది.

నరసింగరావు వెండి గిన్నె బీరువాలో ఉంది. దాంతో పెడితే పిల్ల మూతి తిప్పేస్తోంది. నీ చెక్క గిన్నె తెస్తేనే నోరు తెరుస్తోంది. కింద కంచం పెట్టుకుని పెడుతున్నాము. ఇలా ఎన్నాళ్ళు? దానికి కొత్త బిరడా వెయ్యాలి.

బస్సులో పంపించమని రాస్తావు. పంపను. అది ఈ ఇంటి గడప. గడప ఊరు దాటి తిరగడం మంచిది కాదని నీ చెల్లెలంటోంది. ఆవిడ నాతో మాట్లాడుతోంది ఇప్పుడు, ఎక్కువగానే. గడప మిగతా చెక్క కూడా పొయ్యిలో పెట్టలేదు, మంచం కింద ఉంది. కావలసిన ఉలులు పట్టుకుని నువ్వే రా. కాలికి, అదే, తొడకి రాసుకోమని ఈశ్వరి మందు కొని ఉంచింది. డబ్బా మీద నా చేతిరాత ఉంటే అది వేరే సంగతి.

అట్టలూ బోర్డులూ తేకు. ఆటోవాళ్ళ పుణ్యమా అని లాడ్జి మామూలు రోజుల్లో కూడా నిండుతోంది. అయినా తేకు.

కొత్త గ్రానైటు గడప నున్నగా ఉంది, జారుతుంది, చూసి అడుగెయ్యి. మెట్ల దగ్గర నిలబడి "బావా" అని కేకెయ్యి. నేను పలకను. తలుపు తీసే ఉంటుంది.

ఇట్లు,
జగన్నాధం